బుల్లి బండి, పెద్ద ఇంజను: ఒక ఆదేశ చరిత్ర

వ్యాకరణం చదువుకున్న వారికి ఆగమం, ఆదేశం అనే మాటలు కొత్త కావు. ఆగమం మిత్రుని వలె వచ్చి ఉన్న అక్షరం పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువు వలె వచ్చి, ఉన్న అక్షరాన్ని లేవగొట్టి, ఆ స్థానంలో తాను కూర్చుంటుంది. గసడదవాదేశ సంధిని ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు చెప్పిన నాకు, ఒక మోటారు బండి చరిత్ర చదువుతుంటే ఈ ఆదేశమే పదే పదే గుర్తుకు వచ్చింది. తెలుగు పండితునికి ఇంజనులతో ఏమి పని అని పాఠక మిత్రులు నవ్వవచ్చు. నవ్వుతూనే చదవండి.

ఆ బండి జర్మనీలోని ఫోక్స్‌వాగన్ కర్మాగారం వారి పాత వ్యాను. కర్మాగారం లెక్కల్లో దాని పేరు టైప్ 2. టైప్ 1 అంటే మనలో చాలామంది బొమ్మల్లోనైనా చూసిన బీటిల్ కారు. ఆంగ్లం మాట్లాడేవారు ఈ వ్యానును బస్సు అన్నారు, బ్రెజిల్ వారు కోంబి అన్నారు, జర్మనులు ముద్దుగా బుల్లి అన్నారు. మన బుల్లికి, ఆ బుల్లికి చుట్టరికం లేదు గాని పేరు చక్కగా అతికింది. బస్సు అన్న మాట పుట్టుక ఇంకా చిత్రం. లాటిన్ భాషలో ఓమ్నిబస్ అంటే ‘అందరి కొరకు’ అని. చివరనున్న ‘బస్’ చతుర్థీ విభక్తి ప్రత్యయంలోని భాగమే. అసలు మాట రాలిపోయి, ప్రత్యయం ఒక్కటే మిగిలి, దేశదేశాల రోడ్ల మీద తిరుగుతున్నది. సరే, విషయానికి వస్తాను.

1947 ఏప్రిల్ 23న బెన్ పాన్ అనే డచ్చి వ్యాపారి తన జేబు పుస్తకంలో ఒక పెట్టె వంటి బొమ్మ గీశాడు. ముందు చోదకుడు, వెనుక ఇంజను, నడుమ సరుకు. వోల్ఫ్స్‌బర్గ్ కర్మాగారం అప్పటికి బ్రిటిష్ సైన్యం అజమాయిషీలో ఉన్నది. అక్కడ బీటిల్ చట్రం మీద బల్ల అమర్చి సామాను మోయడం చూసి అతనికి ఆ ఊహ కలిగింది. 1948లో నిర్వహణ చేపట్టిన హైన్రిష్ నోర్డాఫ్ దానిని కార్యరూపంలో పెట్టించాడు. తొలి నమూనాను బీటిల్ చట్రం మీదనే కట్టారు. అది బరువుకు తాళలేకపోయింది. గట్టి అడుగు భాగాన్ని కొత్తగా కట్టి 1950 మార్చి 8న ఉత్పత్తి మొదలుపెట్టారు.

చట్రం మార్చారు గాని ఇంజను మార్చలేదు. కారు కొరకు చేసిన 1131 సి.సి., 25 అశ్వశక్తి ఇంజనునే ముప్పాతిక టన్ను సరుకు మోయవలసిన బండికి తగిలించారు. దూడను కాడికి కట్టినట్లు! ఆ దూడకు సాయంగా, యుద్ధకాలపు సైనిక వాహనంలో వాడిన ఉపాయాన్ని తెచ్చి వెనుక చక్రాల దగ్గర అదనపు పళ్ళ చక్రాలు పెట్టారు. వాటి వల్ల బండి నెమ్మదిగానైనా ఎత్తు ఎక్కగలిగింది. అంటే ఈ బండిలో ఇంజను పుట్టుక నుంచీ అరువు సొత్తే. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనితో తరువాత పని ఉన్నది.

ఆ ఇంజనులో నీళ్ళు లేవు, రేడియేటరు లేదు. నాలుగు సిలిండర్లు రెండేసి చొప్పున అటూ ఇటూ పడుకొని ఉంటాయి. బెల్టుతో తిరిగే ఫ్యాను వాటి మీదికి గాలి తోస్తుంది. మన బజాజ్ చేతక్ స్కూటరు ఇంజనుకు కూడా ఫ్యాను గాలే ఆధారం గనుక, దానిని విప్పించి చూసిన వారికి ఈ ఏర్పాటు తేలికగా అర్థమవుతుంది. పెట్రోలులోని శక్తిలో మూడో వంతు కూడా చక్రాలకు చేరదు. మిగిలినది వేడిగా పోవాలి: కొంత పొగగొట్టం గుండా, కొంత సిలిండరు గోడల గుండా, కొంత ఇంజను నూనె ద్వారా. పాత అమరికలో నూనెను చల్లబరిచే ఆయిల్ కూలరు ఫ్యాను గాలికి అడ్డంగా నిలబడి ఉండేది. దాని చాటున పడిన మూడో సిలిండరు తక్కిన వాటి కంటె ఎక్కువ వేడెక్కేది. కుటుంబంలో ఒకరి నీడన మరొకరు ఎండిపోవడం వంటిదే ఇది. 1970 ఆగస్టులో వచ్చిన మార్పుతో ఆ కూలరును పక్కకు జరిపి దానికి వేరే గాలి దారి ఇచ్చారు. అంతవరకు ఎన్ని మూడో సిలిండర్లు మాడిపోయాయో!

ఇంజను చాలదన్న అసంతృప్తి పుట్టినది ఎక్కువగా అమెరికాలో. 1956లో అక్కడ అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. తిన్నని, వెడల్పైన రోడ్లు పడ్డాయి. వాటి మీద ముప్పై అశ్వశక్తి బుల్లి ఎదురుగాలికి ఈదుతూ పోవాలి. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగంతో సమానంగా పెరగదు. వేగపు ఘనంతో పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగాన్ని 100 చేయాలంటే వేగం పెరిగేది పావు వంతే, గాలికి చెల్లించవలసిన శక్తి మాత్రం సుమారు రెట్టింపు. నిటారు ముఖంతో పెట్టెలా ఉన్న బండికి ఈ కప్పం భారమే. 1960, 70 దశకాలలో ఐరోపా యువకులు ఈ వ్యానులలోనే ఖైబర్ కనుమ దాటి మన ఢిల్లీ వరకు వచ్చారు. వారికి తొందర లేదు గనుక ఆ ఇంజను సరిపోయింది.

తొందర ఉన్నవారు మూడు దారులు తొక్కారు. మొదటిది ఉన్న ఇంజనునే లావు చేయడం. 1584 సి.సి. ఇంజనులో 85.5 మిల్లీమీటర్ల సిలిండర్లు తీసి 87 మిల్లీమీటర్లవి వేస్తే 1641 అవుతుంది, 90.5 వేస్తే 1776, 92 వేస్తే 1835. ఈ చివరి దానిలో సిలిండరు గోడ పలుచనై, వేడికి గుండ్రతనం చెడుతుందన్న అపకీర్తి ఉన్నది. రెండవది 1968లో ఫోక్స్‌వాగన్ వారే 411 అనే కారు కొరకు చేసిన టైప్ 4 ఇంజను. ఇదీ గాలి ఇంజనే, కాని దిట్టమైనది. పాత బుల్లిలో దీనిని కూర్చోబెట్టాలంటే వెనుక ఊతం కొత్తగా కట్టాలి. చుట్టూ రేకుల అంచులను రబ్బరుతో మూయాలి. ఆ రబ్బరు పట్టీ లేకపోతే ఇంజను కింద వదిలిన వేడిగాలినే ఫ్యాను మళ్ళీ పైకి పీల్చుకుంటుంది. పాత బండ్లలో పెద్ద ఇంజనులు తొందరగా మాడిపోవడానికి ఇటువంటి చిల్లర అశ్రద్ధే చాలు.

మూడవ దారి నాకు అన్నిటి కంటె నచ్చింది. అమెరికాలో షెవ్రొలే కంపెనీ కోర్వేర్ అనే కారు చేసింది, 1960 నుంచి 1969 నమూనాల వరకు. ఆరు సిలిండర్లు, గాలి ఇంజను, అదీ వెనుకనే. 1961లో ఆ ఇంజనుతోనే గ్రీన్‌బ్రయర్ అనే వ్యాను చేసి బుల్లికి పోటీగా దింపారు. కొందరు అమెరికా ఔత్సాహికులు ఆ పోటీదారు ఇంజనునే తెచ్చి బుల్లిలో బిగించారు. అయితే ఒక చిక్కు: కోర్వేర్ ఇంజను ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ఉన్న గేరుబాక్సుకు ఉన్నట్లుగా తగిలిస్తే బండికి వెనక్కి పోవడానికి నాలుగు గేర్లు, ముందుకు పోవడానికి ఒకటి! అందుకని గేరుబాక్సు విప్పి, లోపలి క్రౌన్ వీలును ఒక పక్క నుంచి రెండో పక్కకు తిప్పి బిగించేవారు. విలోమ కావ్యాలు చదివిన నాకు ఈ ఉపాయం తెగ ముచ్చట గొలిపింది.

కాలిఫోర్నియాలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు పొరుగున ఒక పెద్దాయన తన 1966 నాటి బుల్లికి ఇంజను మార్పిడి చేసుకుంటుంటే చాలా సాయంత్రాలు నిలబడి చూశాను. పాత ఇంజను నేల మీద పాత కంబళి పైన ఉన్నది. దానిని గేరుబాక్సుకు పట్టి ఉంచేవి నాలుగే బోల్టులని చూపించాడు. కొత్త 1776 ఇంజను సిద్ధంగా ఉన్నా ఆయన బిగించలేదు. ముందటి సంవత్సరమంతా ముందు చక్రాల డ్రమ్ములు తీసి డిస్కు బ్రేకులు వేయడంలో గడిచిందట. ఇక వెనుక చక్రాల దగ్గరి అదనపు పళ్ళ చక్రాలను తీసేయాలా వద్దా అన్నది ఆయన మథనం. ఉంచితే కొత్త ఇంజను ఊరికే గిర్రున తిరిగి అలసిపోతుంది, తీస్తే బండి నేలకు దగ్గరవుతుంది. ఆయన మిత్రుడొకడు రోజూ వచ్చి, పాత ఇంజనును తీయడమే అపచారమని వాదించేవాడు. ఇద్దరూ పండితసభలో వలె గొంతులు పెంచేవారు.

పాఠపరిష్కరణలో కొంత కాలం గడిపిన వాడిని గనుక ఆ మిత్రుని బాధ నాకు అర్థమైంది. మూలపాఠం మీద భక్తి ఉండవలసిందే. కాని ఈ బండికి మూలపాఠం ఏది? కర్మాగారమే 1954లో 1192 సి.సి. చేసింది, 1963లో 1493, 1967లో 1584. 1971 ఆగస్టులో టైప్ 4 ఇంజనునే తెచ్చి 1679 చేసింది, తరువాత 1795, 1975లో 1970 సి.సి., 70 అశ్వశక్తి. పావు శతాబ్దంలో మొదటి ఇంజను శక్తికి మూడు రెట్లకు కాస్త తక్కువ. ఒక్కటి గమనించాలి. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వచ్చినది 1970 ఆగస్టులో. 1679 ఇంజను వచ్చినది ఆ మరుసటి ఆగస్టులో. ఆ పెద్దాయన వరుస కూడా అదే. పాణిని పద్ధతిలో ఆదేశానికి స్థానివద్భావం చెబుతారు: తొలగిన దాని ధర్మాలన్నీ వచ్చి కూర్చున్నది మోయాలి. నూనె చల్లబడే దారి, ఆపే శక్తి, గేర్ల నిష్పత్తి చూసుకోకుండా శక్తి ఒక్కటి పెంచడం నేల విడిచి సాము చేయడమే. అవన్నీ చూసుకొని చేసిన మార్పిడిని నేను అపచారమనలేను.

జర్మనీలో ఈ బండికి నీళ్ళ పెట్రోలు ఇంజను 1982లో వచ్చింది. బ్రెజిల్‌లో గాలి ఇంజను 2005 చివరి దాకా, కోంబి 2013 దాకా బతికాయి. 2020లో ఫోక్స్‌వాగన్ వారే 1966 నాటి ఒక బుల్లిని తీసుకొని, దాని 44 అశ్వశక్తి ఇంజనును తొలగించి, ఆ వెనుక గదిలోనే 83 అశ్వశక్తి విద్యుత్ మోటారును కూర్చోబెట్టి చూపించారు. ఫ్యాను లేదు, బెల్టు లేదు, మూడో సిలిండరు బాధ లేదు. నేల కింద బ్యాటరీ. దానితో పాటు ముందు వెనుక ఇరుసుల అమరిక, స్టీరింగు కొత్తవి వేశారు. నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు పెట్టారు.