భూతదర్శనం: సత్యమా, మనఃకల్పితమా?

సంధ్యాసమయంలో దూరాన ఉన్న మోడు మనిషిలా తోస్తుంది. అది స్థాణువా, పురుషుడా? న్యాయశాస్త్రంలో సంశయానికి ఇది ప్రసిద్ధోదాహరణం. భూతప్రేతదర్శనాల సత్యాసత్యవిచారణకు భారతీయదర్శనాలలోని పునాది ఈ మోడు దగ్గరే లభిస్తుంది.

లేనిది ఎలా కనిపిస్తుంది? ఈ ప్రశ్నపై శతాబ్దాల పాటు సాగిన వాదపరంపరకు ఖ్యాతివాదాలని పేరు. యోగాచారబౌద్ధులది ఆత్మఖ్యాతి: అంతరంగవిజ్ఞానమే బాహ్యవస్తువుగా భాసిస్తుంది. "అంతా మనసులోనిదే" అనే నేటి మాటకు ఇది సమీపం. నైయాయికులది అన్యథాఖ్యాతి: అన్యత్ర నిజంగా ఉన్నదాని ధర్మం ఎదుటి వస్తువుపై ఆరోపితమవుతుంది. ప్రాభాకరమీమాంసకులది అఖ్యాతి: ఎదుట ఉన్నది ప్రత్యక్షం, తోచిన రూపం స్మృతి, ఆ రెండింటి భేదాన్ని గ్రహించకపోవడమే భ్రమ.

అద్వైతులు వేరొక మార్గం పట్టారు. గౌడపాదాచార్యులు మాండూక్యకారికలలో రజ్జుసర్పదృష్టాంతాన్ని స్వీకరించారు. త్రాటిలో తోచిన పాము కేవలం అసత్తయితే కుందేటికొమ్ములా ఎన్నడూ కనిపించకూడదు. సత్తయితే దీపం తెచ్చిన పిమ్మట మాయం కాకూడదు. కనుక అది సదసద్విలక్షణం, అనిర్వచనీయం. ఉత్తరకాలపు వేదాంతులు దాని ఉనికిని ప్రాతిభాసికసత్త అన్నారు.

అయితే మిథ్యావస్తువు నుండి నిజమైన ఫలం కలుగుతుందా? కలుగుతుందనే శంకరభగవత్పాదుల సమాధానం. విషం లేకున్నా ఉన్నదనే శంకతోనే మరణించేవారున్నారని బ్రహ్మసూత్రభాష్యంలో వారు చూపారు. తన నీడలో వేతాళుణ్ణి కల్పించుకొని బాలుడు భయపడే దృష్టాంతం యోగవాసిష్ఠంలో పలుమార్లు వస్తుంది. వేతాళుడు మిథ్య, బాలుని వణుకు మిథ్య కాదు.

ఆధునికకాలంలో పాశ్చాత్యులూ ఇదే ప్రశ్నను మరొక పద్ధతిలో అడిగారు. 1882లో లండన్‌లో ఏర్పడిన అతీంద్రియపరిశోధనసంఘం దాదాపు 17,000 మందిని ప్రశ్నించి 1894లో నివేదిక ప్రకటించింది. మేల్కొని ఉండగా, బాహ్యకారణం లేకుండా, ఒక రూపాన్ని చూడడమో, స్వరాన్ని వినడమో, స్పర్శను పొందడమో జరిగిందా అన్నది ప్రశ్న. సుమారు పదవవంతు మంది అవునన్నారు. ఇంతమందిని ఉన్మత్తులనో, అసత్యవాదులనో త్రోసిపుచ్చడం యుక్తం కాదు. వారి మాట అనుభవం కలిగిందనడానికి ప్రమాణం; ఎదుట ప్రేతం ఉన్నదనడానికి కాదు.

ఈ వివేకం తర్కక్రీడ మాత్రమే కాదు. చేతబడి చేశారనే అనుమానంతో నిరపరాధులను హతమార్చిన ఘటనలు తెలుగునేలపై జరిగాయి. భయపడినవాని భయాన్ని పరిహసించడం అధర్మం. ఆ భయాన్నే సాక్ష్యంగా చేసి పొరుగువానిని శిక్షించడం మహాపాతకం. పామును చూసినవానికి కావలసినది కర్ర కాదు, దీపం.