గుండ్రంగా కూర్చుంటే

బాపులపాడు పక్క పల్లెలో చదువుకున్నాను. మాల మాదిగ పిల్లలం తలుపు దగ్గరే. పలక నేల మీద పెడితే పంతులు దూరం నుంచే చూసేవాడు. మావిడికాయల కోతలొస్తే అమ్మెనక తోటకి పోయేవాణ్ణి. తిరిగొస్తే పాఠం ముందుకెళ్ళిపోయుండేది.

చదువు కోసం మనవాళ్ళు సర్కారును నమ్ముకుని ఆగలేదు. భాగ్యరెడ్డివర్మ 1910లోనే హైదరాబాదులో మన పిల్లలకి బడి పెట్టాడు. 1917లో బెజవాడ సభకి ఆయనే అధ్యక్షుడు. ఆ బెజవాడ మాకు గంట దూరం. ఆ సంగతి మాకే పంతులూ చెప్పలేదు.

తర్వాత నేనూ ఇక్కడే హెడ్మాస్టర్నయ్యాను. 1980ల చివర్లో బ్రిటిష్ సాయంతో ఏపీపెప్ ట్రైనింగులొచ్చాయి. పిల్లల్ని గ్రూపులుగా కూర్చోబెట్టండి, చేతుల్తో చేయించండి అన్నారు. మేస్టర్లకది బోధనా పద్ధతి. నాకు మాత్రం ఒకటే తట్టింది: గుండ్రంగా కూర్చుంటే తలుపు దగ్గర ఎవరుంటారు?

రెండోరోజే ఒక పెద్దమనిషి వచ్చాడు. "మావాణ్ణి వేరే గుంపులో వెయ్యండి మేస్టారూ."

"రిజిస్టర్లో పేర్ల వరసండీ, మార్చను" అన్నాను. గొంతు వణికింది, ఎందుకు దాచాలి?

ఆ వారం బుట్టకెన్ని రసాలు, లారీకెన్ని బుట్టలు అని లెక్కిచ్చాను. తోటకెళ్ళే మాదిగ పిల్ల నోటితోనే చెప్పేసింది. పెద్దమనిషి కొడుకు ఆ పిల్ల పలక చేతిలోకి తీసుకుని చూసి రాసుకున్నాడు.

ప్రాజెక్టు ఎప్పుడో అయిపోయింది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఏ బడికెళ్ళినా మార్కులు తర్వాత అడగండి. తలుపు దగ్గర ఎవరు కూర్చున్నారో ముందు చూడండి.