బ్రిటను ప్రజల చరిత్రలో మాతృభాష త్రిప్పిన మలుపులు

బ్రిటిషువారి చరిత్ర యనగానే మనకు రాజులు, యుద్ధములు, ఓడలు జ్ఞాపకము వచ్చును. నేను ఒక్క ప్రశ్నతోనే ఆ చరిత్రను చూడగోరుచున్నాను. సామాన్యుడు ఇంటిలో మాటలాడు భాషకు న్యాయస్థానములోను, దేవాలయములోను ఎప్పుడు చోటు దొరికినది?

1066 అక్టోబరు 14న హేస్టింగ్సు యుద్ధములో హెరాల్డు రాజు కూలెను. నార్మండీ ప్రభువైన విలియం ఇంగ్లండు సింహాసన మెక్కెను. దేవాలయములో లాటిను మునుపే యున్నది. ఇప్పుడు దర్బారులో ఫ్రెంచి చేరెను. ఇంగ్లీషు దున్నువాని భాషగా మిగిలెను. మందలో మేయునంతవరకు అది కాపరికి 'షీప్'; దొరగారి పళ్ళెములోనికి వచ్చిన పిమ్మట 'మటన్'. ఆదివారమునాడు మన యిండ్లలో వినబడు ఆ మాట నార్మనుల వెంట వచ్చిన ఫ్రెంచి మాటయే సుమా!

1348లో వచ్చిన మహామారి ఆ దేశ జనములో ఇంచుమించు మూడవ వంతునో, అంతకెక్కువనో హరించెను. కూలివారు కరవైరి. కూలి పెంచరాదని 1351లో శాసనము చేసినను కూలి పెరుగక మానలేదు. పేదవాని చేతికి విలువ వచ్చినప్పుడే వాని నోటికిని విలువ వచ్చెనని నా అభిప్రాయము. వ్యాజ్యములు ఇంగ్లీషులో వాదింపవలెనని 1362లో పార్లమెంటు శాసించెను. ఆ శాసనమును మాత్రము ఫ్రెంచిలోనే వ్రాసిరి!

దేవాలయపు తలుపు తెరచుకొనుటకు మరి 170 ఏండ్లకు పైగా పట్టెను. లాటిను బైబిలును ఇంగ్లీషులోనికి తెచ్చుటకు ప్రేరకుడైన విక్లిఫ్ 1384లో మరణించగా, 1428లో ఆయన ఎముకలను త్రవ్వి తీసి కాల్చిరి. టిండేలు తన ఇంగ్లీషు క్రొత్త నిబంధనను 1526లో జర్మనీలోని వర్మ్సు పట్టణమున అచ్చువేయించగా, ప్రతులు దొంగచాటుగా ఇంగ్లండు చేరెను. 1536లో బ్రస్సెల్సు సమీపమున ఆయనను గొంతు బిగించి చంపి, దేహమును దహించిరి. మూడేండ్లు గడువకమునుపే, అధికముగా ఆయన అనువాదముమీదనే ఆధారపడిన పెద్ద బైబిలు రాజాజ్ఞతో దేవాలయములలోనికి వచ్చెను. అయినను 1543లో కూలివారు, చేతిపనివారు, సామాన్య స్త్రీలు దానిని చదువరాదని మరియొక చట్టము చేసిరి. ఇచ్చిన చేయియే వెనుకకు లాగుకొన్నది.

ఇంత పాటుపడిన ఇంగ్లీషువారే పొరుగువారి విషయములో ఏమి చేసిరి? టిండేలు మరణించిన ఆ 1536లోనే వేల్సు దేశపు న్యాయస్థానములలో ఇంగ్లీషే వాడవలెనని శాసించిరి. ఆ భాష రానివారికి ఉద్యోగములు లేవు. అయితే 1588లో విలియం మోర్గన్ పూర్తి బైబిలును వెల్షు భాషలో వెలువరించెను. కచేరీనుండి వెడలగొట్టబడిన భాషకు ఆరాధనలో నీడ దొరికెను. వేల్సు న్యాయస్థానములలో కోరినవారెవరైనను వెల్షులోనే మాటలాడుకొను హక్కు 1967 చట్టముతో గాని రాలేదు.