లేనివారిని చేర్చిన చిత్రం: గల్ఫ్ వలస కుటుంబాల ఛాయాచిత్రాల్లో కూర్పు చరిత్ర

వ్యాససంగ్రహం

కుటుంబ ఛాయాచిత్రంలో లేని మనిషిని తర్వాత చేర్చడం కంప్యూటరుతో పుట్టిన పద్ధతి కాదు. దాని మూలాలు పందొమ్మిదో శతాబ్దపు చీకటిగదిలో ఉన్నాయి. నిజామాబాద్ జిల్లా మెండోర ప్రాంతం వంటి గల్ఫ్ వలస ప్రాంతాల నేపథ్యంలో ఈ పద్ధతి పరిణామాన్ని వ్యాసం పరిశీలిస్తుంది. ఇటువంటి చిత్రాన్ని అబద్ధమని తోసిపుచ్చకుండా, ఉన్నది ఉన్నట్లు నమ్మకుండా, వలస చరిత్రకు ఆధారంగా ఎలా చదవవచ్చో ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కుటుంబ ఛాయాచిత్రం, కూర్పు, గల్ఫ్ వలస, పాస్‌పోర్టు ఫొటో, మెండోర.

1. ప్రవేశిక

నిజామాబాద్ జిల్లాకు పడమట బోధన్ చక్కెర ప్రాంతం, ఈశాన్యాన గోదావరి తీరంలో మెండోర ఉన్నాయి. 2016లో బాల్కొండ నుంచి వేరుపడిన మెండోర మండలంలోనే శ్రీరాంసాగర్ ఆనకట్ట గల పోచంపాడు ఉంది. ఆ ప్రాజెక్టుకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఒకవైపు ఆనకట్ట నీరు, మరొకవైపు చెరకు ఉన్న జిల్లా ఇది. అయినా 1970ల నుంచి ఉత్తర తెలంగాణలో గల్ఫ్ వలసకు ఇది ప్రధాన స్థానాల్లో ఒకటైంది. బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది.

పెళ్లికి, గృహప్రవేశానికి, దినాలకు ఇంటిమనిషి అందకపోవడం వలస కుటుంబాల్లో తరచూ జరిగేదే. అందనివారిని ఫొటోలోనైనా నిలబెట్టాలన్న కోరిక ఈ పరిస్థితి నుంచే పుట్టింది.

2. చీకటిగది నుంచి కంప్యూటరు దాకా

ఒకటికంటే ఎక్కువ నెగటివ్‌లతో ఒకే చిత్రాన్ని ముద్రించే పద్ధతి 1850ల నాటికే ఇంగ్లండులో ఉంది. హెన్రీ పీచ్ రాబిన్‌సన్ 1858లో ఐదు నెగటివ్‌లను కలిపి, మరణశయ్యపై ఉన్న యువతి చుట్టూ కుటుంబసభ్యులున్న దృశ్యాన్ని కూర్చాడు. అమెరికాలో విలియం మమ్లర్ ఇదే నేర్పును వ్యాపారంగా మలచి, చనిపోయినవారి ఆత్మలు ఫొటోలో కనిపిస్తాయని నమ్మించాడు. అతనిపై 1869లో న్యూయార్క్‌లో మోసం అభియోగంతో విచారణ జరిగింది. అయినా అభియోగం నిలవలేదు. తర్వాత అబ్రహాం లింకన్ భార్య మేరీ కూడా అతనివద్ద ఫొటో తీయించుకున్నారు. భర్త నీడ తన వెనుక నిలిచిన ఆ చిత్రం నేటికీ ఉంది. మోసం ఆ నీడలో ఉంది గాని ఆమె కోరికలో లేదు. ఈ తేడాను గుర్తించకపోతే కూర్పు చిత్రాల చరిత్ర మోసాల జాబితాగా మిగిలిపోతుంది.

హైదరాబాద్ రాజ్యంలో ఛాయాచిత్రకళకు రాజాదరణ లాలా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో స్థిరపడింది. ఆయన సంస్థ 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియోను నెలకొల్పింది. పరదా పాటించే స్త్రీలు పురుషుని కెమెరా ముందుకు రాలేకపోవడమే దానికి కారణం. ఫొటోలో ఒకరు లేకపోవడానికి మరణమో దూరమో మాత్రమే కాక సామాజిక నియమమూ కారణమవుతుందని ఇది చూపుతుంది.

డిజిటల్ సాధనాలకు ముందు స్టూడియోల పద్ధతి సరళమైనది. పాత ఫొటోలోని ముఖాన్ని కత్తిరించి, కుటుంబ చిత్రంపై అతికించి, అంచులను బ్రష్‌తో సరిదిద్ది, మొత్తాన్ని మళ్లీ ఫొటో తీసేవారు. మధ్యప్రదేశ్‌లోని నాగ్దా పట్టణ స్టూడియోలపై క్రిస్టఫర్ పిన్నీ చేసిన అధ్యయనం 1997లో పుస్తకంగా వెలువడింది. భారతీయ చిన్నపట్టణాల్లో ఫొటో అంటే క్షణాన్ని పట్టేది మాత్రమే కాదని, కోరుకున్న రూపాన్ని తయారుచేసేదని అది నిరూపించింది. 1990లో ఫొటోషాప్, 1994లో అందులో లేయర్ల సదుపాయం వచ్చాక కత్తెర పని తెరమీదికి మారింది. పని వేగం పెరిగిందే తప్ప కోరిక మారలేదు.

3. వరస, స్థానం

చేర్చే ముఖం ఎక్కడ నిలవాలన్నది సాంకేతిక ప్రశ్న కాదు, బంధుత్వ ప్రశ్న. పెద్దలు మధ్యలో కూర్చుంటారు, కొడుకులు కోడళ్లు వెనుక నిలుస్తారు, పిల్లలు ముందుంటారు. పెద్దల్లుణ్ణి చిన్నల్లుడి వెనుకకు నెడితే ఫొటో ఎంత చక్కగా కుదిరినా ఇంట్లో చెల్లదు.

బతికి దూరాన ఉన్నవారికి, కాలం చేసినవారికి స్థానాలు వేరు. దూరాన ఉన్నవారు వరుసలోనే నిలుస్తారు. కీర్తిశేషులు సాధారణంగా పైమూలన విడి చట్రంలో దండతో ఉంటారు. పెత్రమాసనాడు పెద్దలకు బియ్యమిచ్చే ఇళ్లలో గోడమీది దండ వేసిన పటానికి ఉన్న చోటు వంటిదే ఇది. అయితే పోయినవారిని దండ లేకుండా, భార్యాపిల్లల పక్కనే నిలబెట్టమని కోరే సందర్భాలూ ఉంటాయి. అప్పుడు ఫొటో మరణాన్ని ప్రకటించదు, బంధాన్ని మాత్రమే ప్రకటిస్తుంది.

4. పాస్‌పోర్టు ఫొటో: వలస ఇచ్చిన ముఖం

చేర్చడానికి ముఖం ఎక్కడిది? గల్ఫ్‌కు వెళ్లినవాని విడి ఫొటో చాలాసార్లు పాస్‌పోర్టు కోసమో వీసా కోసమో తీయించుకున్నదే. తెల్లని వెనుకతెర, ఎదురుచూపు, నవ్వులేని పెదవులు, రెండు చెవులూ కనిపించాలన్న పట్టింపు ఆ ఫొటో లక్షణాలు. 1983 వలస చట్టం కింద పదో తరగతి చదవని శ్రామికునికి ప్రత్యేక అనుమతి అవసరమైనప్పుడు, మనిషిని గుర్తించడానికి అధికారులు చూసింది ఇటువంటి ముఖాన్నే.

అదే ముఖం తర్వాత కూతురి పెళ్లి ఫొటోలో చేరుతుంది. చుట్టూ ఉన్నవారంతా నవ్వుతుంటే ఒక్కడు బిగుసుకుని చూస్తాడు. చుట్టూ ఉన్నవారి వయసు పెరిగి ఉంటుంది, అతనిది బయలుదేరిన ఏట ఆగి ఉంటుంది. వెలుగు ఒకవైపు నుంచి అందరిమీదా పడితే అతనిపై మాత్రం ఎదురుగా పడుతుంది. 2010 నుంచి దశలవారీగా వచ్చిన పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లో ఫొటోను కౌంటరులోనే తీయడం మొదలైంది. దాంతో ఇంట్లో మిగిలే పాస్‌పోర్టు ఫొటో ప్రతులు తగ్గి, సెల్‌ఫోన్ చిత్రాలు వాటి స్థానానికి వచ్చాయి.

5. అతుకు ఆధారంగా

చేర్చిన చిత్రానికి రెండు తేదీలు ఉంటాయి. మొదటిది కుటుంబం కెమెరా ముందు నిలిచిన రోజు, రెండవది ఆ ముఖం విడిగా ఫొటోకెక్కిన రోజు. ఈ రెండింటి మధ్య ఉన్న కాలమే వలస పొడవు. దాన్ని చూపేది అతుకు. పొసగని వెలుగు, వయసు తేడా, నేలమీద పడని నీడ స్టూడియోవాని లోపాలుగా కనిపించవచ్చు. చరిత్రకారునికి మాత్రం అవి ఆ ఇంటి లేమిని నమోదు చేసిన గుర్తులు.

2023 నుంచి ఫొటోషాప్ వంటి సాధనాల్లో చేరిన కృత్రిమ మేధ ఈ అతుకును చెరిపివేయగలుగుతోంది. వెలుగును సరిచేస్తుంది, నవ్వును పుట్టిస్తుంది, వయసును పెంచుతుంది. కుటుంబానికి అది ఊరట కావచ్చు. కాని రెండు తరాల తర్వాత ఆల్బం చూసే మనవడికి తాత ఇంటిల్లిపాదితో కలిసి ఉన్నట్లే కనిపిస్తుంది. ఎడారిలో గడిచిన ఏళ్లకు ఆ ఇంటి ఆల్బంలో జాడ ఉండదు.

6. ముగింపు

కుటుంబం చేసిన చేర్పును తప్పుపట్టే హక్కు పరిశోధకునికి లేదు. ఆ చిత్రం ఎవరు ఎవరికి ఏమవుతారో నిజమే చెబుతోంది, ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో మాత్రం చెప్పడం లేదు. అందువల్ల వలస ప్రాంతాల ఆల్బంలను సేకరించేవారు కూర్పు చిత్రంతో పాటు మూల చిత్రాలను, చేర్చిన ముఖం ఎక్కడిదో తెలిపే వివరాన్ని, చేర్పించిన సందర్భాన్ని, కుటుంబ అనుమతితో నమోదు చేయాలి. గోడమీద అందరూ కలిసే ఉండవచ్చు. భద్రపరిచిన కవరులో మాత్రం ఆ తెల్లని వెనుకతెర ఫొటో విడిగా ఉండాలి. ఆ మనిషి ఇల్లు విడిచి వెళ్లాడనడానికి ఆ కుటుంబం దగ్గర మిగిలే సాక్ష్యం చాలాసార్లు అదొక్కటే.