పేరు వ్రాసి గెలిపించిన ఓటర్లు

పదవియందున్న ప్రతినిధిని తొలగించు అధికారము ఎవరిది? అతనిని నిలిపిన పార్టీదా, ఎన్నుకొనిన ప్రజలందరిదా? రెండును ఒక్కటేయని సాధారణముగా మనము తలంతుము. పార్టీ ఒకమాట, ప్రజలు ఒకమాట చెప్పినప్పుడు గాని ఈ ప్రశ్న తలయెత్తదు. 2010వ సంవత్సరమున అమెరికాలోని అలాస్కా రాష్ట్రమున జరిగిన సెనేటు ఎన్నిక ఇట్టి సందర్భములలో మిక్కిలి విశేషమైనది.

ఆ వృత్తాంతము తెలియుటకు ముందుగా ప్రైమరీ యను పద్ధతిని గ్రహింపవలెను. మన దేశమున టిక్కెట్టు ఎవరికీయవలెనో పార్టీ అధిష్ఠానవర్గము నిర్ణయించును. అమెరికాలో కూడ ఒకప్పుడు పార్టీ పెద్దలే అభ్యర్థులను నిర్ణయించెడివారు. ఆ పెత్తనమును పోగొట్టుటకై విస్కాన్సిన్ గవర్నరు రాబర్ట్ లా ఫాలెట్ ఉద్యమింపగా, 1904లో ఆ రాష్ట్ర ప్రజలు ప్రత్యక్ష ప్రైమరీ శాసనమును ఆమోదించిరి. క్రమముగా ఆ పద్ధతి దేశమంతట వ్యాపించెను. పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే ముందొక ఎన్నికలో తేల్చుదురు. అసలు ఎన్నిక నవంబరులో జరుగును.

పెద్దల పెత్తనము తగ్గెను గాని మరియొక చిక్కు పుట్టెను. ప్రైమరీలో ఓటువేయువారు కొలదిమంది. నవంబరులో వచ్చువారు అనేకులు. వీరి అభిప్రాయము వేరు, వారి అభిప్రాయము వేరు అయినచో ఏమగును? 2006లో కనెక్టికట్ సెనేటరు జోసెఫ్ లీబర్మన్ ఇరాక్ యుద్ధమును సమర్థించిన కారణమున డెమొక్రాటిక్ ప్రైమరీలో నెడ్ లామాంట్ చేతిలో ఓడెను. అందు పోలైన ఓట్లు సుమారు 2,83,000. ఆయన తన పేర వేరొక పార్టీని నమోదుచేసికొని, స్వతంత్రముగా నవంబరులో పోటీచేయగా, 11 లక్షలకు పైబడిన ఓట్లలో దాదాపు సగము ఆయనకే లభించెను. అయితే లీబర్మన్ పేరు ఓటుపత్రముపై ముద్రితమై యుండెను. నాలుగేండ్ల పిమ్మట అలాస్కా సెనేటరు లీసా మర్కౌస్కీకి ఆ సౌకర్యము సయితము లేకపోయెను.

లీసా పదవికి వచ్చిన త్రోవయే విమర్శకు గురియైనది. ఆమె తండ్రి ఫ్రాంక్ మర్కౌస్కీ 1981 నుండి సెనేటరు. 2002లో గవర్నరుగా ఎన్నికై, ఖాళీయైన తన స్థానమున కుమార్తెనే నియమించెను. ఇది వంశపారంపర్యమా యని పలువురు నిరసించిరి. 2004లో ఆమె ప్రజల ఓటుతోనే గెలిచి ఆ నిందను కొంత తొలగించుకొనెను. 2010 ఆగస్టు 24న జరిగిన రిపబ్లికన్ ప్రైమరీలో న్యాయవాది జో మిల్లర్ ఆమెను ఎదిరించెను. మాజీ గవర్నరు సారా పాలిన్ మద్దతును, టీ పార్టీ ఉద్యమపు అండయు అతనికి లభించినవి. సుమారు 1,10,000 ఓట్లు పోలుకాగా, 2,000 ఓట్ల తేడాతో లీసా ఓడెను.

స్వతంత్రాభ్యర్థిగా పేరు ముద్రింపించుకొను గడువు అప్పటికే దాటిపోయెను. మిగిలిన మార్గ మొక్కటే. ఓటుపత్రము చివర ఒక ఖాళీ గీత యుండును. ఓటరు దానిపై తనకిష్టమైన వారి పేరు స్వహస్తముతో వ్రాయవచ్చును. సెప్టెంబరు 17న ఆమె ఆ మార్గమును పట్టినట్లు ప్రకటించెను. పార్టీ నాయకత్వము మిల్లర్‌నే బలపరచెను. సెనేటు రిపబ్లికన్లలో తనకున్న నాయకత్వ పదవిని ఆమె విడువవలసి వచ్చెను. అంతకుపూర్వము ఈ విధముగా సెనేటుకు గెలిచినవారు 1954లో దక్షిణ కరోలినాకు చెందిన స్ట్రామ్ థర్మండ్. నడుమ 56 ఏండ్లలో మరియెవరును గెలువలేదు.

ఇందలి కష్టము మన పాఠకులకు సులభముగా తోచకపోవచ్చును. మన ఓటరు పేరు వ్రాయవలసిన పని యెన్నడును లేదు. 1951–52 నాటి తొలి సాధారణ ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి గుర్తు అంటించిన పెట్టె ప్రత్యేకముగ నుండెను. చదువురాని వారును తమ ఓటు వేయగలిగిరి. అలాస్కా ఓటరు మాత్రము ఇంగ్లీషున తొమ్మిది అక్షరములు గల ఇంటిపేరును జ్ఞాపకముంచుకొనవలెను. అందుచేత ఆమె ప్రచారము బడిపాఠమువలె సాగెను. అక్షరముల కూర్పును ప్రకటనలలో నేర్పిరి. పేరు ముద్రించిన చేతిపట్టీలను పంచిరి. పేరు వ్రాసినవారి జాబితాను పోలింగు కేంద్రములలో ఉంచవచ్చునా యను వివాదము న్యాయస్థానమునకు పోయెను. ఒక రేడియో ప్రసారకుడు తన శ్రోతలను కూడ అభ్యర్థులుగా నమోదు కమ్మని పిలుపునీయగా, ఆ జాబితా నూటయేబది పేర్లను మించెను! గాలిలో పోవు మాటకు ఎంత శక్తి కలదో, దానిని ఎందుకు వినియోగింపవచ్చునో ఈ యుదంతము తెలుపును.

నవంబరు 2న పోలింగు జరిగెను. వ్రాసిన పేర్లను రాజధాని జూనోలో ఒక్కొక్కటిగా చేతితో లెక్కించిరి. పేరులో ఒక్క అక్షరము తప్పినను ఆ ఓటు చెల్లదని మిల్లర్ పక్షము వాదించెను. తుదకు లీసాకు 39.5, మిల్లర్‌కు 35.5, డెమొక్రాటిక్ అభ్యర్థి స్కాట్ మక్ఆడమ్స్‌కు 23.5 శాతము ఓట్లు వచ్చినవి. ఆక్షేపించిన ఓట్లన్నియు తీసివేసినను ఆమెకు 2,000 పైచిలుకు ఆధిక్యము మిగిలెను. ఓటరు ఉద్దేశమే ప్రధానము, అక్షరదోషము కాదని అలాస్కా సుప్రీంకోర్టు డిసెంబరు 22న తీర్పుచెప్పెను. చదువు తక్కువైన పౌరునికిని, ఇంగ్లీషు మాతృభాష కాని ఆదివాసికిని ఈ తీర్పు వలన కలిగిన రక్షణ స్వల్పము కాదు.

అయినను ఎదుటివారి వాదమును త్రోసిపుచ్చరాదు. పార్టీ పరీక్షకు కూర్చుండి, తప్పిన పిదప ఆ పరీక్షయే చెల్లదనుట న్యాయమా? ఓడిన ప్రతివారును మరల నిలిచినచో ప్రైమరీ ఎందులకు? ఈ కారణముననే అనేక రాష్ట్రములు ప్రైమరీలో ఓడినవారి పేరు నవంబరు పత్రముపై ముద్రింపరాదని శాసించినవి. అంతియేకాదు, ఆ ఎన్నికలో నూటికి అరువదిమంది లీసాకు ఓటు వేయలేదు.

ఈ లోపమును సవరించుటకై అలాస్కా ప్రజలు 2020లో క్రొత్త పద్ధతిని ఆమోదించిరి. అన్ని పార్టీలవారును ఒకే ప్రైమరీలో నిలుతురు. మొదటి నలుగురు నవంబరుకు పోవుదురు. ఓటరు తన ఇష్టమును వరుసక్రమమున తెలుపును. 2022లో లీసా ఈ పద్ధతిలోనే గెలిచెను. దానిని రద్దుచేయు ప్రతిపాదన 2024లో అత్యల్పమైన తేడాతో ఓడెను.

పార్టీ తన జెండాను ఎవరి చేతికైన నీయవచ్చును. అది దాని హక్కు. కాని ప్రజల స్థానము పార్టీ సొత్తు కాదు. లక్షమంది ఓటర్లు పెన్ను చేతబట్టి, ముద్రింపబడని పేరును తామే వ్రాసి చాటిన సత్యమిది.