దమ్ దమ్ గోలీ తారీఖ్

కలకత్తా ఎయిర్‌పోర్టు ఉన్న చోటు పేరు దమ్ దమ్. ఆ ఊరి పేరుతో ఒక గోలీ ఉండేదని మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

అంగ్రేజుల పాత మార్టినీ-హెన్రీ బందూకుది ఉత్త సీసపు గోలీ, 31 గ్రాములు. మెత్తటిది కదా, ఒంట్లో దిగగానే నలిగి వెడల్పయ్యేది, ఎముకను పిండి చేసేది. తర్వాత పొగ రాని బారూద్ వచ్చింది. ఆ వేగానికి వట్టి సీసం గొట్టానికే అతుక్కుపోతుంది. అందుకే పైన గట్టి లోహపు తొడుగు వేశారు. లీ-మెట్‌ఫోర్డ్ గోలీ అలాంటిదే, 14 గ్రాములు.

1895లో చిత్రాల్ వెళ్లిన ఫౌజుకు శికాయత్ మొదలైంది: గోలీ సన్నటి చిల్లు చేసి అవతలికి పోతోంది, మనిషి పడటం లేదు! దమ్ దమ్ కార్ఖానాలో కెప్టెన్ బర్టీ-క్లే కొన దగ్గర తొడుగు తీసి సీసం బయటపెట్టాడు. పాత జఖ్మ్ తిరిగొచ్చింది. 1897-98లో తీరాహ్ కొండల్లో అఫ్రీదీ పఠాన్ల మీద దీన్నే పేల్చారు.

1899లో హేగ్ సభ ఇలాంటి గోలీలు వద్దంది. నాగరికత లేనివాడు రెండు మూడు గోలీలు తగిలినా ఆగడని బ్రిటన్ తరఫున సర్ జాన్ ఆర్డా వాదించాడు. వాహ్, ఏం దలీల్! బ్రిటన్ 1907లో గానీ ఒప్పుకోలేదు. పైగా ఆ కానూన్ సంతకం చేసిన దేశాల మధ్య జంగ్‌కే వర్తిస్తుంది. అఫ్రీదీల తరఫున సంతకం పెట్టే హుకూమత్ ఏదీ ఆ సభలో లేదు.