కోఠి రెసిడెన్సీ: చేతిపనే నిలబెట్టిన 200 ఏళ్ల భవనం.. దీని కథేంటి?

హైదరాబాద్: కోఠి అంటే అందరికీ గుర్తొచ్చేది బస్టాండ్, సుల్తాన్ బజార్, పాత పుస్తకాల దుకాణాలు. కానీ ఆ ఏరియాకి పేరొచ్చిందే ఒక భవనం వల్ల. కోఠి అంటే ఉర్దూలో పెద్ద బంగళా. ఆ బంగళానే ఉమెన్స్ కాలేజీ ఆవరణలో ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీ. ఒకప్పుడు కూలిపోయే స్థితికి చేరిన ఈ కట్టడం, ఏళ్ల తరబడి సాగిన పునరుద్ధరణ తర్వాత 2023 జనవరిలో మళ్లీ తలుపులు తెరిచింది.

ఎవరు కట్టించారు?

నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిని రెసిడెంట్ అనేవారు. 1798లో ఆ పదవిలోకి వచ్చిన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ ఈ భవనానికి ఆద్యుడు. డిజైన్ మద్రాస్ ఇంజనీర్స్‌కి చెందిన శామ్యూల్ రస్సెల్‌ది. 1803లో పనులు మొదలయ్యాయి. ముందువైపు ఆరు భారీ స్తంభాలు, పాలరాతి మెట్లు, మెట్లకు రెండు పక్కలా సింహాలు.. చూడగానే యూరప్ భవనంలా కనిపిస్తుంది.

స్థలం గురించి ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. కిర్క్‌పాట్రిక్ మొదట పెద్ద కాగితం మీద ప్లాన్ గీసి చూపిస్తే నిజాం ఒప్పుకోలేదట. అదే ప్లాన్‌ని చిన్న కార్డు మీద గీసి తీసుకెళ్తే, ఇంత చిన్న జాగానే కదా అని సరేనన్నాడట.

ఖైరున్నీసా కోసం చిన్న నమూనా

హైదరాబాద్ ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను కిర్క్‌పాట్రిక్ పెళ్లి చేసుకున్నాడు. ఆమె కోసం ఆవరణలోనే రంగ్ మహల్ అనే జనానా కట్టించాడు. పరదాలో ఉండే ఆమె ప్రధాన భవనాన్ని చూడలేదు కాబట్టి, అచ్చం అలాంటి చిన్న నమూనాను జనానా తోటలో చేయించాడని చెబుతారు. భవనం పూర్తయి అందులో స్థిరపడకముందే, 1805లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. రంగ్ మహల్‌ని తర్వాతి కాలంలో కూల్చేశారు. చిన్న నమూనా మాత్రం మిగిలింది. విలియం డాల్‌రింపుల్ 2002లో రాసిన ‘వైట్ మొఘల్స్’ పుస్తకంతో ఈ కథ ప్రపంచానికి తెలిసింది.

1857లో దాడి

ఈ భవనానికి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీపై తిరుగుబాటుదారులు దాడి చేశారు. అందుకే కోఠి ఇటు ప్రేమకథకే కాదు, అటు తొలి స్వాతంత్ర్య పోరాటానికీ గుర్తు.

కాలేజీ ఎలా అయింది?

స్వాతంత్ర్యం వచ్చాక రెసిడెంట్ల శకం ముగిసింది. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఇక్కడికి మారింది. కొన్ని తరాల అమ్మాయిలు ఇక్కడే చదువుకున్నారు. 2022లో దీన్ని మహిళా విశ్వవిద్యాలయం చేశారు. 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

బాగు చేసింది ఎలా?

కాలేజీగా వాడుకలో ఉన్నా భవనం మాత్రం శిథిలమవుతూ వచ్చింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. తర్వాత ఆ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పనులు చేపట్టాయి. అమెరికా రాయబారుల సాంస్కృతిక పరిరక్షణ నిధి నుంచీ సాయం అందింది.

ఇలాంటి పని సిమెంట్‌తో అయ్యేది కాదు. పాత గోడలు సున్నంతో కట్టినవి. లోపలి తేమను బయటికి వదిలే గుణం సున్నానికి ఉంది. దాని మీద సిమెంట్ పూస్తే తేమ లోపలే ఉండిపోయి గోడ ఇంకా పాడవుతుంది. మన దగ్గర పాత మేస్త్రీలు డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపేవారు. దర్బార్ హాల్ పైకప్పుది మరో రకం పనితనం. ఆ అలంకారాలు కాగితపు గుజ్జుతో అచ్చుపోసినవి. బరువు తక్కువ, కానీ వాన నీరు తగిలితే అంతే సంగతులు. అందుకే పైకప్పు కారకుండా చూడటమే మొదటి రక్షణ.

అసలు ప్రశ్న ఇదే

ఇలాంటి పని చేతిలో ఉన్నవాళ్లు తక్కువ. ఒక భవనం పూర్తయ్యాక మరోటి దొరక్కపోతే వాళ్లు మామూలు సిమెంట్ పనులకు వెళ్లిపోతారు. కొడుకులకు ఆ విద్య అందదు. నగరంలో పని లేక కాదు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ని బాగు చేశారు. చార్మినార్ దగ్గరి సర్దార్ మహల్‌ని కళా, సాంస్కృతిక కేంద్రంగా మార్చే పనులకు 2022లో శంకుస్థాపన జరిగింది. ఇలాంటి చోట్ల చేరియాల్ నకాషీలు, పెంబర్తి లోహ కళాకారులతో పాటు సున్నం మేస్త్రీలకూ నేర్పించే చోటు దొరికితే, పాత భవనాన్ని కాపాడే పని మధ్యలో ఆగదు.

రంగు వేసి రిబ్బన్ కత్తిరిస్తే పునరుద్ధరణ అయిపోయినట్టు కాదు. ఏటా వానాకాలం ముందు పైకప్పు ఎక్కి చూసే మేస్త్రీ ఉండాలి. కోఠి భవనం ఇంకో 200 ఏళ్లు నిలవాలంటే కావాల్సింది అదే.